సముద్రం లేని జిల్లా నుంచి మెరైన్ సైన్స్: దుడ్లు యాడ ఉంటాయి, ఎప్పుడు అడగాల

చెల్లెమ్మా, నువ్వు రాసింది మొత్తం చదివినా. గుంతకల్లు దగ్గర పల్లె, అనంతపురంలో బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) ఫైనలియర్, నాయనది శెనక్కాయ సేద్యం, బీసీ, నీ తర్వాత తమ్ముడు ఇంటర్ సెకండియర్. నీకు మెరైన్ బయాలజీలో గానీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో గానీ ఎమ్మెస్సీ, దాని తర్వాత పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది. "మెరైన్ సైన్స్ స్కాలర్‌షిప్" అని గూగుల్‌లో కొడితే అమెరికావీ ఆస్ట్రేలియావీ తప్ప ఏమీ రాలేదు, సముద్రం లేని జిల్లా వాళ్ళకు ఎవరిస్తారు అని కూడా అడిగినావు. నాది ప్రొద్దుటూరు, నేనూ అట్లాంటి జిల్లా నుంచి వచ్చినోడినే, ఇప్పుడు వైజాగ్‌లో ఒక ల్యాబ్‌లో పని, మా ల్యాబ్‌కు స్టూడెంట్ల నుంచి వచ్చే మెయిళ్ళు ముందు నేనే చూస్తా, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తా, ఓపికగా చదువు.

మొదట ఆ వెతకడం ఆపేయ్. మన దేశంలో సబ్జెక్టు పేరు పెట్టి ఇచ్చే స్కాలర్‌షిప్పులు చాలా తక్కువ, మెరైన్ అని కొట్టినా ఎన్విరాన్‌మెంట్ అని కొట్టినా అందుకే దొరకవు. ఇక్కడ దుడ్లు ఉండేది పరీక్షల్లో, సర్టిఫికెట్లలో, ఇంకా వేరే ఎవరో సైంటిస్టు అప్పటికే గెల్చుకున్న ప్రాజెక్టుల్లో. నెట్ (నేషనల్ ఎలిజిబిలిటీ టెస్ట్) అనే పరీక్ష రాస్తే వస్తాయి, బీసీ సర్టిఫికెట్, ఆదాయ సర్టిఫికెట్ సరిగ్గా ఉంటే వస్తాయి, ఒక ప్రాజెక్టులో జేఆర్ఎఫ్‌గా, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా చేరితే వస్తాయి. ఇందులో ఏదీ నువ్వు ఏ జిల్లా అని చూసి ఇచ్చేది కాదు. ఇంగ సముద్రం సంగతంటావా, మన దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ ఉండేది హైదరాబాద్‌లో, ప్రగతి నగర్‌లో. మత్స్యకారులకు యాడ చేపలు దొరుకుతాయో చెప్పేదీ అక్కడి నుంచే. సముద్రం పక్కన పుట్టడం ఈ ఫీల్డ్‌లో క్వాలిఫికేషన్ కాదు. మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా, కడప జిల్లా వేంపల్లె చుట్టుపక్కల రాళ్ళల్లో స్ట్రోమటోలైట్లు ఉంటాయి, అంటే నూటయాభై కోట్ల ఏళ్ళకు పైగా వెనక అక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది, ఆ నీళ్ళల్లో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుర్తులు అవి. ఎవరన్నా మీకు సముద్రమే లేదు కదా అంటే ఇది చెప్పు.

సరే, అసలు సంగతికి వస్తే, ఈ దుడ్లకు ఒక టైమ్ ఉంటాది, అది దాటితే మళ్ళీ రాదు, అందుకే ఏది నీకు అయిపోయింది ఏది ఇంకా ఉంది అనేది ముందు తేల్చుకోవాల. ఇన్‌స్పైర్ షీ (స్కాలర్‌షిప్ ఫర్ హయ్యర్ ఎడ్యుకేషన్) అని డీఎస్టీ, అంటే కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ వాళ్ళది ఒకటి ఉంది, ఏడాదికి 80,000, అందులో 60,000 నేరుగా నీకు, 20,000 ఎండాకాలం ప్రాజెక్టుకు. దాని సబ్జెక్టుల లిస్టులో ఓషనిక్ సైన్సెస్ కూడా ఉంది, జువాలజీ, బోటనీ, జియాలజీ, మైక్రోబయాలజీ ఉన్నాయి, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మాత్రం విడిగా లేదు. కానీ అది డిగ్రీ మొదటి ఏడాదిలోనే అప్లై చెయ్యాల, ఇంటర్ బోర్డులో పైన ఒక శాతంలో ఉండాల. నీకు టైమ్ దాటిపోయింది, తమ్ముడికి దాటలేదు. వాడు ఇంజనీరింగ్ కాకుండా బీఎస్సీ అంటే మాత్రం ఈ ముక్క వాడి చెవిలో ఇప్పుడే వెయ్యి, ఎందుకంటే ఇంటర్ మార్కులు వచ్చిన తర్వాత తెలిసి లాభం లేదు. ఇట్లాంటిదే ఇంకోటి సెంట్రల్ సెక్టార్ స్కీమ్, ఇంటర్‌లో 80 పర్సంటైల్ పైన ఉండి ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే డిగ్రీలో ఏడాదికి 12,000, పీజీలో 20,000. ఇది కూడా డిగ్రీలో చేరినప్పుడే తీసుకుని రెన్యూవల్ చేసుకుంటూ పోవాల, పైగా స్టేట్ ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ దీన్ని తీసుకోకూడదు, రెండిట్లో ఏది జాస్తి వస్తాదో లెక్కేసుకుని ఒకటే పట్టుకోవాల.

నీకు ఇప్పుడు చేతికందేది యూజీసీ వాళ్ళ నేషనల్ స్కాలర్‌షిప్ ఫర్ పోస్ట్ గ్రాడ్యుయేట్ స్టడీస్. నెలకు 15,000 చొప్పున ఏడాదికి పది నెలలు, మొత్తం 10,000 మందికి, అందులో 30 శాతం ఆడపిల్లలకే. డిగ్రీ మార్కుల మీద ఇస్తారు, వేరే పరీక్ష లేదు. పీజీ మొదటి ఏడాది రెగ్యులర్‌లో చేరినాకే అప్లై చెయ్యాల, డిస్టెన్స్ వాళ్ళకు లేదు, వయసు 30 లోపు. మన సైడ్ డిగ్రీ కాలేజీల్లో దీని గురించి చెప్పేవాళ్ళు నాకైతే ఒక్కరూ కనపడలేదు, నోటీస్ బోర్డు మీద బస్ పాస్ గడువు ఉంటాది గానీ ఇది ఉండదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే ఉంటాది, నువ్వే చూస్కోవాల. ఫైనలియర్ మార్కులు గట్టిగా తెచ్చుకో అని అందరూ చెప్తారు, దానికి అసలు కారణం ఇదిగో ఇది, నెలకు పదిహేను వేలు అంటే హాస్టలూ మెస్సూ పోను చేతికి మిగుల్తాది.

స్టేట్ వైపు నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి నీకు డిగ్రీలోనే అలవాటు, జ్ఞానభూమి పోర్టల్, సచివాలయం చుట్టూ తిరగడం, వేలిముద్ర. పీజీకి రూల్స్ గవర్నమెంట్ మారినప్పుడల్లా మారినాయి, ముఖ్యంగా ప్రైవేట్ కాలేజీల్లో పీజీకి. అందుకే నా సలహా ఒకటే, యూనివర్సిటీ క్యాంపస్‌లో సీటు పట్టు, చేరే ముందే ఆఫీసులో "ఈ కోర్సుకు ఈ ఏడాది రీయింబర్స్‌మెంట్ వస్తాదా" అని మొహమాటం లేకుండా అడుగు. రాష్ట్రం దాటి పోయేటప్పుడు ఇంకా జాగ్రత్తగా అడగాల.

యాడ చదవాల అనేది కూడా దుడ్ల ప్రశ్నే, అందుకే రెండు మాటలు. నీది బీజెడ్‌సీ కాబట్టి ఆంధ్రా యూనివర్సిటీ ఎమ్మెస్సీ ఓషనోగ్రఫీ వైపు చూడొద్దు, వాళ్ళు మాథ్స్, ఫిజిక్స్ అడుగుతారు. అదే యూనివర్సిటీలో మెరైన్ లివింగ్ రిసోర్సెస్ డిపార్ట్‌మెంట్ ఉంది, అది చూడు. నెల్లూరు విక్రమ సింహపురిలో మెరైన్ బయాలజీ ఉంది, మనకు దగ్గర, ఖర్చు తక్కువ, పక్కనే పెన్నా సముద్రంలో కలిసే చోటు, రొయ్యల చెరువులు, ఇస్కపల్లి, మైపాడు తీరం, ప్రాక్టికల్స్‌కు ఎగిరి పోయే పని లేదు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అయితే కడప యోగి వేమనలోనే ఉంది, తిరుపతి ఎస్వీయూలో ఉంది. ఇవన్నీ ఏపీ పీజీసెట్‌తో వస్తాయి. సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీ పీజీ రాస్తే పాండిచ్చేరి యూనివర్సిటీ వాళ్ళ మెరైన్ బయాలజీ, అది ఉండేది పాండిచ్చేరిలో కాదు, అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు దాని పేరు శ్రీ విజయ పురం). సముద్రం మీదే బతుకు కావాలంటే అంతకంటే మంచి చోటు లేదు, ఇంట్లో మాత్రం అంత దూరం అనగానే ఒప్పుకోరు, ఆ పంచాయితీ నీది. తమిళనాడులో అన్నామలై యూనివర్సిటీ మెరైన్ బయాలజీ సెంటర్ పరంగిపేట్టైలో ఉంది, చాలా పాతది, పేరున్నది. నేనైతే నీ పరిస్థితిలో నెల్లూరు గానీ వైజాగ్ గానీ మొదటి ఆప్షన్ పెట్టుకుని అండమాన్‌కు ఒక రాయి వేస్తా.

ఇప్పుడు పెద్ద విషయం, నెట్. ఈ ఫీల్డ్‌లో నిజంగా బతికించే దుడ్లు ఇక్కడే ఉన్నాయి. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయితే 42,000, హాస్టల్ లేకుంటే ఇంటద్దె అలవెన్స్ వేరే, ఖర్చుల కోసం కంటింజెన్సీ వేరే. ఈ రేట్లు 2023 జనవరి నుంచి. మీ ఊర్లో ఎవరన్నా "పీహెచ్‌డీ అంటే ఇంకా ఐదేళ్ళు చదువా, దుడ్లు ఎవరు కడతారు" అంటే ఇదే చెప్పు, కట్టేది నువ్వు కాదు, నీకే కడతారు.

కానీ ఏ నెట్ అనే దాంట్లోనే చాలామంది తికమక పడతారు. ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ యూజీసీ నెట్‌లో ఉంది. సముద్రం సంగతి సీఎస్ఐఆర్ నెట్‌లో ఉంది, అక్కడ ఐదు పేపర్లు, అందులో ఒకటి ఎర్త్, అట్మాస్ఫెరిక్, ఓషన్ అండ్ ప్లానెటరీ సైన్సెస్. పేరు చూసి మెరైన్ బయాలజీ వాళ్ళు అందరూ దానికి పోతారు, చూస్తే సగం జియాలజీ, జియోఫిజిక్స్, వాతావరణ శాస్త్రం, ఓషనోగ్రఫీ అన్నా ఫిజికల్ జాస్తి. నీలాంటి జువాలజీ బ్యాక్‌గ్రౌండ్ వాళ్ళకు లైఫ్ సైన్సెస్ పేపరే నయం, పోటీ అక్కడ విపరీతం అనేది నిజమే, కానీ సెల్ బయాలజీ, ఎకాలజీ, ఎవల్యూషన్ నువ్వు ఎట్లాగూ చదివేవే. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చేస్తే యూజీసీ నెట్, సీఎస్ఐఆర్ లైఫ్ సైన్సెస్ రెండూ రాసుకోవచ్చు, రెండిటికీ ఎమ్మెస్సీ ఆఖరి ఏడాదిలో ఉండగానే కూర్చోవచ్చు. జనరల్ వాళ్ళకు ఎమ్మెస్సీలో 55 శాతం కావాల, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీ వాళ్ళకు 50. జేఆర్ఎఫ్‌కు ఉండే వయసు పరిమితిలో ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ వాళ్ళకు ఐదేళ్ళు సడలింపు ఉంటాది, ఓబీసీ వాళ్ళకు కూడా సడలింపు ఉంటాది. డిగ్రీని నాలుగేళ్ళ ఆనర్స్‌గా చేసి 75 శాతం ఉంటే ఎమ్మెస్సీ లేకుండానే యూజీసీ నెట్ రాయొచ్చు, మీ కాలేజీలో నాలుగో ఏడాది పెట్టినారేమో కనుక్కో, కానీ నీకు ఎమ్మెస్సీయే మేలు, మెరైన్ చదవాలంటే ఫీల్డ్ కావాల కదా.

సీఎస్ఐఆర్ నెట్‌లో పార్ట్ ఏ అని అందరికీ ఒకటే ఉంటాది, లెక్కలు, గ్రాఫులు, రీజనింగ్. బైపీసీ నుంచి వచ్చిన మనవాళ్ళు దాన్ని వదిలేసి మిగతాది మొత్తం చదువుతారు, అక్కడే పోతాది. 20 ప్రశ్నలు ఇస్తారు, 15 చెయ్యాల, 30 మార్కులు. బ్యాంక్ ఎగ్జామ్స్‌కు కోచింగ్ తీసుకునే నీ స్నేహితురాలు ఎవరన్నా ఉంటే వాళ్ళ పుస్తకాలు తెచ్చుకుని చేస్తే సరిపోతాది, దీనికోసం ఢిల్లీ కోచింగ్‌కు లక్షలు పొయ్యొద్దు.

గేట్ కూడా మర్చిపోవద్దు. అది ఇంజనీర్లకే అనుకుంటారు, కానీ డిగ్రీ మూడో ఏడాదిలో ఉన్నోళ్ళు ఎవరన్నా రాయొచ్చు. ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్ ఉంది, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్ పేపర్ ఉంది, లైఫ్ సైన్సెస్ ఉంది. ఎమ్‌టెక్‌లో చేరితే నెలకు 12,400 వస్తాది, దానికంటే ముఖ్యం ఏందంటే ప్రాజెక్ట్ జేఆర్ఎఫ్ ఇంటర్వ్యూల్లో నెట్ లేకున్నా గేట్ స్కోర్ ఉంటే చాలా చోట్ల ఒప్పుకుంటారు. ఐఐటీ, ఐఐఎస్సీల్లో పీహెచ్‌డీ దాకా పోతే ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ అని మొదటి రెండేళ్ళు నెలకు 70,000 ఇచ్చేది కూడా ఉంది, అది పై మాట, ఇప్పుడు తల పగలగొట్టుకోవద్దు.

నీ బీసీ సర్టిఫికెట్ గురించి ఇక్కడ ఆగి చెప్పాల, ఎందుకంటే మనవాళ్ళకు దుడ్లు పోయేది పరీక్షలో కంటే ఈ కాగితాల్లోనే. మన స్టేట్‌లో బీసీ ఏ, బీ, సీ, డీ, ఈ అని ఉంటాది, సెంట్రల్‌లో ఓబీసీ అని వేరే లిస్టు. స్టేట్‌లో బీసీ అయినంత మాత్రాన సెంట్రల్ లిస్టులో ఉన్నట్టు కాదు. నీ కులం పేరు సెంట్రల్ ఓబీసీ లిస్టులో ఉందో లేదో ముందు చూడు, ఉంటే నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ సెంట్రల్ ఫార్మాట్‌లో తీసుకో. సచివాలయంలో అడగంగానే స్టేట్‌ది ఇచ్చి పంపుతారు, "సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగాలకు, చదువులకు వాడే ఫార్మాట్" అని నొక్కి చెప్పాల. అది ఉంటేనే నెట్‌లో ఓబీసీ కటాఫ్, ఫీజు తగ్గింపు, ఇంకా నేషనల్ ఫెలోషిప్ ఫర్ ఓబీసీ. ఇది ఏడాదికి వెయ్యి మందికి ఇస్తారు, నెట్ రాసి జేఆర్ఎఫ్ కొంచెంలో తప్పిపోయినోళ్ళకు కూడా పనికొస్తాది, అమౌంట్ జేఆర్ఎఫ్ లెక్కే. ఎస్సీలకు ఇట్లాంటిదే రెండు వేల మందికి, ఎస్టీలకు 750 మందికి ఉంది, నీ క్లాసులో ఎవరన్నా ఉంటే చెప్పు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింక్ చేసినాం అని ఊరుకుంటారు, లింక్ వేరు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ (ఆధార్ మీద వచ్చే గవర్నమెంట్ దుడ్లు ఏ ఖాతాలో పడాలో నమోదు చెయ్యడం) వేరు, దుడ్లు పడేది మ్యాపింగ్ ఉన్న ఖాతాలోనే, రెండు మూడు ఖాతాలు ఉంటే ఏదానికి మ్యాప్ అయ్యిందో బ్యాంకులో అడుగు. పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరి చేయించుకో, అప్లికేషన్ ఆఖరి రోజు చేయించుకుందాం అంటే అయ్యే పని కాదు. ఇంకో సంగతి, పోర్టల్‌లో నువ్వు సబ్మిట్ కొట్టినంత మాత్రాన అయిపోలేదు, కాలేజీలో నోడల్ ఆఫీసర్ వెరిఫై చెయ్యాల, ఆయనకు గుర్తుండదు, నువ్వే పోయి ఆయన సిస్టం ముందు నిలబడి చేయించుకోవాల. విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఆడపిల్లలకు అని ప్రత్యేకంగా కొన్ని ఉన్నాయి. ఇంట్లో ఒక్కతే కూతురు, అన్నాతమ్ముడు లేకుంటే పీహెచ్‌డీకి యూజీసీ వాళ్ళ సావిత్రిబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్, నీకు తమ్ముడున్నాడు కాబట్టి అది కాదు. పెళ్ళయి, పిల్లలు పుట్టి మధ్యలో ఆగిపోయి మళ్ళీ రీసెర్చ్‌కు రావాలనుకునే వాళ్ళకు డీఎస్టీ వైజ్ కిరణ్ ఉంది, మీ కాలేజీలో లెక్చరర్ మేడమ్‌లకు ఇది పనికొస్తాది, చెప్తే సంతోషిస్తారు.

ఇప్పుడు రీసెర్చ్ ఫండింగ్ సంగతి. స్టూడెంట్ నేరుగా గవర్నమెంట్‌కు రాస్తే రీసెర్చ్ గ్రాంట్ ఇస్తారు అనుకుంటున్నావు, అట్లా కాదు. గ్రాంట్ వచ్చేది ఉద్యోగంలో ఉండే సైంటిస్టుకో ప్రొఫెసర్‌కో, ఆయన దాంట్లో నుంచి మనుషుల్ని తీసుకుంటాడు. 2021లో కేంద్రం డీప్ ఓషన్ మిషన్‌కు 4,077 కోట్లు ఒప్పుకుంది, చెన్నై ఎన్ఐఓటీ (సముద్ర టెక్నాలజీ సంస్థ) వాళ్ళు మనుషుల్ని 6,000 మీటర్ల లోతుకు దించే మత్స్య 6000 అనే వాహనం చేస్తున్నది దాని కిందే, అదే మిషన్‌లో లోతు సముద్రం జీవవైవిధ్యం మీద పని కూడా ఉంది. అట్లాంటి దుడ్లు కింద దాకా వచ్చేది ప్రాజెక్ట్ అసోసియేట్, ప్రాజెక్ట్ జేఆర్ఎఫ్, ఫీల్డ్ అసిస్టెంట్ అనే పోస్టులుగా. నెట్ ఉన్నోళ్ళకు జాస్తి, లేనోళ్ళకు తక్కువ, అయినా ఎమ్మెస్సీ అయిన వెంటనే నెట్ లేకుండా లోపలికి పోయే తలుపు ఇదొక్కటే. గోవా ఎన్ఐఓ (సముద్ర శాస్త్ర సంస్థ), దాని వైజాగ్ రీజనల్ సెంటర్, కొచ్చి సీఎంఎఫ్ఆర్ఐ (సముద్రం చేపల పరిశోధన సంస్థ), దానికీ వైజాగ్‌లో సెంటర్ ఉంది, కొచ్చిలోనే సీఎంఎల్ఆర్ఈ (సముద్ర జీవుల సెంటర్), చెన్నై ఎన్‌సీసీఆర్ (తీరప్రాంత పరిశోధన సెంటర్), హైదరాబాద్ ఇన్‌కాయిస్, ఇంకా జువలాజికల్ సర్వే వాళ్ళకు హైదరాబాద్‌లో మంచినీటి జీవుల సెంటర్, చెన్నైలో మెరైన్ సెంటర్ ఉన్నాయి. వీటి వెబ్‌సైట్లలో రిక్రూట్‌మెంట్ పేజీ వారానికి ఒకతూరి తెరిచి చూడడం అలవాటు చేసుకో. నోటిఫికేషన్ ఇచ్చి పది పదిహేను రోజుల్లోనే వాకిన్ పెడతారు, పేపర్లో పడేసరికి అయిపోతాది. ప్రయాణం ఖర్చు చాలా చోట్ల ఇవ్వరు, గుంతకల్లు జంక్షన్ కాబట్టి నీకు రైళ్ళకు కొదవ లేదు, అదొక్కటి మా ప్రొద్దుటూరోళ్ళ కంటే నీకు నయం. ఎర్త్ సైన్సెస్ మినిస్ట్రీ తన సంస్థలన్నిటికీ కలిపి పీహెచ్‌డీకి రీసెర్చ్ ఫెలోలను కూడా తీసుకుంటాది, పుణె ఐఐటీఎం (వాతావరణ పరిశోధన సంస్థ) నుంచి ఆ నోటిఫికేషన్ వస్తాది, నెట్ గానీ గేట్ గానీ ఉండాల.

ప్రాజెక్టులో చేరేటప్పుడు ఒకటే అడుగు, ఇది ఎన్నేళ్ళు మిగిలి ఉంది, పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకుంటారా. ఆరు నెలల్లో అయిపోయే ప్రాజెక్టులో పెట్టి శాంపిళ్ళు ఏరించి పంపేసేవాళ్ళు ఉన్నారు. ఇంకోటి, ఫెలోషిప్ నెలనెలా రాదు, మూడు నాలుగు నెలలకు ఒకేసారి పడతాది. ఇది ప్రతి చోటా ఉండేదే, జేఆర్ఎఫ్ వచ్చినోళ్ళకు కూడా లేటవుతాది, అందుకని చేరే ముందు రెండు మూడు నెలల ఖర్చులకు చేతిలో ఉంచుకునే పోవాల. ఇది ఎవరూ ముందు చెప్పరు.

ఎమ్మెస్సీ డిసర్టేషన్‌కు దుడ్లు యాడివి అని కూడా అడిగినావు. పడవ బాడుగ, సీసాలు, కెమికల్స్, ఒక్కో శాంపిల్ టెస్టుకు ఇంత అని, నిజమే, సొంతంగా పెట్టుకుంటే తట్టుకోలేం. దీనికి నేను చెప్పేది, దుడ్లు లేనప్పుడు డేటా మీద పడు. సముద్రంలో తేలుతూ మునుగుతూ టెంపరేచర్, ఉప్పదనం కొలిచే ఆర్గో ఫ్లోట్లు ప్రపంచమంతా నాలుగు వేల దాకా ఉన్నాయి, ఆ డేటా మొత్తం ఊరికే దొరుకుతాది, మన దేశానికి దాని సెంటర్ ఇన్‌కాయిసే. ఇస్రో వాళ్ళ మోస్‌డాక్, యూరప్ వాళ్ళ కోపర్నికస్ మెరైన్, నాసా ఓషన్ కలర్, అన్నీ రిజిస్టర్ చేసుకుంటే ఫ్రీ. ఓషన్ డేటా వ్యూ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీ. నెల్లూరు తీరంలో పెన్నాకు వరద వచ్చిన ఏళ్ళల్లో, రాని ఏళ్ళల్లో క్లోరోఫిల్ ఎట్లా మారింది అని ఒక ల్యాప్‌టాప్ పెట్టుకుని మీ ఊర్లో కూర్చుని చెయ్యొచ్చు, పెన్నా మన అనంతపురం జిల్లా మీదుగానే పోతాది కాబట్టి ఆ టాపిక్‌కు నీకంటే హక్కున్నోళ్ళు ఎవరు. కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే చాలు. ఇట్లాంటి పని చేసినోళ్ళను చూసి మా ల్యాబ్‌లో ముందు పిలుస్తాం, శాంపిళ్ళు ఏరేవాళ్ళు దొరుకుతారు, డేటా చూసేవాళ్ళే దొరకరు. సాగర్ కన్య, సాగర్ నిధి, సింధు సాధన లాంటి రీసెర్చ్ షిప్పుల్లో పోవాలని అందరికీ ఉంటాది, షిప్ ఖర్చు సంస్థే పెట్టుకుంటాది, నువ్వు ఆ ప్రాజెక్టులో ఉంటే పంపుతారు, లేకుంటే నీ దుడ్లతో పోయే దారి లేదు.

ఎమ్మెస్సీ ఫస్టియర్‌లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ళ సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు తప్పకుండా వెయ్యి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇస్తాయి, ఎండాకాలంలో రెండు నెలలు ఎవరో ఒక సైంటిస్టు దగ్గర పెట్టి స్టైపెండ్, రైలు ఛార్జీలు ఇస్తారు. అప్లికేషన్ ముందు ఏడాది చివర్లోనే వస్తాది, ఎండాకాలంలో వెతికితే ఉండదు.

సముద్రం కాకుండా ఎన్విరాన్‌మెంట్ వైపు పోతే మన జిల్లాలే ల్యాబ్. అనంతపురం బోర్లల్లో ఫ్లోరైడ్, తుమ్మలపల్లె యురేనియం గని చుట్టూ భూగర్భ జలాలు, రోళ్ళపాడు గడ్డి మైదానాలు, లంకమల అడవుల్లో కలివికోడి, అది 1986లో మళ్ళీ కనపడేదాకా అంతరించిపోయింది అనుకున్న పక్షి. వన్యప్రాణుల మీద అయితే చిన్న గ్రాంట్లు బయట నుంచి ఉన్నాయి. బ్రిటన్ రఫర్డ్ ఫౌండేషన్ మొదటిసారి అప్లై చేసినోళ్ళకు ఆరేడు వేల పౌండ్ల దాకా ఇస్తాది, ఊరికే థీసిస్ కోసం అంటే ఇవ్వరు, ఆ జీవికో ఆ చోటుకో మేలు జరగాల, స్థానికులతో పని ఉండాల. ఐడియా వైల్డ్ దుడ్లు కాకుండా బైనాక్యులర్స్, కెమెరా ట్రాప్‌ల లాంటి సామాన్లు ఇస్తాది. ఇన్లాక్స్ వాళ్ళ రవి శంకరన్ ఫెలోషిప్ ఉంది. విదేశీ గ్రాంట్ దుడ్లు నీ సొంత ఖాతాలో వేయించుకునే ముందు మాత్రం మీ సంస్థ అకౌంట్స్ సెక్షన్‌ను అడుగు, స్కాలర్‌షిప్, స్టైపెండ్ అయితే ఒక లెక్క, ప్రాజెక్ట్ గ్రాంట్ అయితే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రూల్స్ అడ్డం వస్తాయి.

విదేశాల గురించి చిన్నగా చెప్తా, ఎందుకంటే నీకు అది ఇప్పుడే కాదు. పీజీకి యూరోపియన్ యూనియన్ వాళ్ళ ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్ అన్నిటికంటే మంచిది, ఫీజు లేదు, పైన నెలకు 1,400 యూరోలు రెండేళ్ళు, మెరైన్, ఎన్విరాన్‌మెంట్ కోర్సులు చాలా ఉంటాయి, అక్టోబర్ నుంచి జనవరి మధ్య అప్లై. జర్మనీలో బ్రెమెన్ యూనివర్సిటీలో అక్వాటిక్ ట్రాపికల్ ఎకాలజీ ఎమ్మెస్సీ ఉంది, ఫీజు నామమాత్రం, కానీ వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు చూపించాల, అంటే పది లక్షల పైమాట, శెనక్కాయ ఇంట్లో అది ఎట్లా అవుతాదో నీకే తెలుసు. స్కాలర్‌షిప్ చేతిలో పడకుండా పొలం కుదువ పెట్టి పోవద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. పీహెచ్‌డీ టైమ్‌లో చూస్తే జర్మనీ హెల్గోలాండ్ దీవిలో జపాన్ నిప్పన్ ఫౌండేషన్, పోగో (సముద్ర పరిశోధన సంస్థల కూటమి) కలిసి సముద్ర శాస్త్రంలో పది నెలల ట్రైనింగ్ ఇస్తారు, ఏడాదికి పది మందిని, ఖర్చంతా వాళ్ళదే. విదేశాల్లో పీహెచ్‌డీ చేసే ఆడవాళ్ళకు ష్లంబర్జే వాళ్ళ ఫ్యాకల్టీ ఫర్ ద ఫ్యూచర్ ఫెలోషిప్ ఉంది. కన్సల్టెన్సీ వాళ్ళు స్కాలర్‌షిప్ గ్యారంటీ, ప్రాసెసింగ్ ఫీజు యాభై వేలు అంటే లేచి వచ్చెయ్. పరీక్షకు ఫీజు ఉంటాది, స్కాలర్‌షిప్ ఇప్పించడానికి ఫీజు ఉండదు.

ఆఖరుగా నువ్వు పెట్టిన మెయిల్ డ్రాఫ్ట్ చూసినా. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంట్రెస్టెడ్ ఇన్ మెరైన్ బయాలజీ సిన్స్ మై చైల్డ్‌హుడ్" అని మొదలుపెట్టినావు, అట్లాంటివి రోజుకు నాలుగు వస్తాయి, ఒకే లైన్ అందరికీ కాపీ అని చూడంగానే తెలిసిపోతాది. ఆ లైన్ తీసెయ్. మొదటి వాక్యంలోనే నువ్వెవరు, ఏం చదువుతున్నావు, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఖాళీ, ఏం కావాల అని చెప్పు. రెండోదాంట్లో ఆయన పేపర్ ఒకటి నిజంగా చదివి, అందులో నీకు అర్థం కాని ఒక ప్రశ్న గానీ, మీ వైపు దాన్ని ఎట్లా చెయ్యొచ్చు అని గానీ రాయి. నీకు వచ్చిన పని రాయి, మైక్రోస్కోప్ మీద ప్లాంక్టన్ చూసినావా, నీళ్ళల్లో ఆక్సిజన్ కొలిచినావా, ఎక్సెల్ వచ్చా. దుడ్ల సంగతి మొదటి మెయిల్‌లో వద్దు, రెండో మెయిల్‌లో "ఫెలోషిప్ ఉంటాదా, నేను సొంతంగా దేనికన్నా అప్లై చెయ్యాలా" అని నేరుగా అడుగు, తప్పేం లేదు, అందరూ అడుగుతారు. జవాబు రాకుంటే రెండు వారాలు ఆగి ఇంకొక్కతూరి పంపు, మూడోది వద్దు, వేరే వాళ్ళకు రాయి. ఒకే మెయిల్‌లో పది మందిని సీసీ పెట్టొద్దు. సీవీ ఒక పేజీ, పీడీఎఫ్‌లో, ఫైల్‌కు నీ పేరు పెట్టు. ఫోన్‌లో తీసిన మార్క్స్ మెమో ఫొటోలు తొమ్మిది అటాచ్ చేసినావు, అవి అడిగినప్పుడు పంపొచ్చు.